ఇది మా కోర్టు కాదన్న రోజు

కోర్టు ఆఫీసులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు ఇంటికి వస్తుంటారు. ఏదో ఒక రూలు అడుగుతారు, చెబుతాను, టీ తాగి వెళ్ళిపోతారు. ఈ మధ్య వాళ్ళలో ఒకమ్మాయి మాత్రం సూటిగా అడిగింది. "మేడం, మీ సర్వీసు రిజిస్టర్ల ఒక మెమో ఉందంట గదా, నిజమేనా?"

నిజమే. ఆ అమ్మాయికి సగం చెప్పి పంపాను. మిగతా సగం చెప్పడానికి ఆ పూట నోరు రాలేదు. అందుకే మొత్తం రాస్తున్నాను. మీలో ఎవరైనా ఫైలింగ్ సెక్షన్‌లో కూర్చునేవాళ్ళుంటే చదవండి.

నేను పుట్టింది కల్వకుర్తి దగ్గర ఒక పల్లెలో. మా నాయిన బావులు తవ్వే కూలీ. మా ఇంట్లో నెల జీతం ఎరిగిన మొదటి మనిషిని నేనే. పెళ్ళై నల్లగొండ జిల్లాకు వచ్చి, ఇక్కడి కోర్టులో టైపిస్టుగా చేరి, మెల్లగా పైకి వచ్చాను. తెలంగాణ వచ్చిన తర్వాత రెండో ఏడో మూడో ఏడో, హైవేకు దగ్గరగా ఉన్న ఒక చిన్న పట్టణపు కోర్టులో నన్ను ఫైలింగ్‌లో వేశారు. చౌటుప్పల్ మీదుగా రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని.

ఫైలింగ్ అంటే ఏమిటో తెలియనివాళ్ళ కోసం ఒక్క మాట. వకీలు తెచ్చిన దావా కాగితాలు జడ్జి గారి దాకా పోకముందు మా బల్ల మీదికి వస్తాయి. అన్నీ సరిగ్గా ఉన్నాయా లేదా చూసి, లోటుంటే ఒక చీటీ మీద అభ్యంతరాలు రాసి తిప్పి పంపుతాం. లోటు లేకపోతే నంబరు వేస్తాం. నంబరు పడితేనే అది కేసు. అప్పటిదాకా అది ఒట్టి కాగితాల కట్ట. చూడ్డానికి గుమాస్తా పనే, కానీ తలుపు దగ్గర కూర్చున్న మనిషి పని అది. ఎవరిని లోపలికి పంపాలో, ఎవరిని ఆపాలో ముందు మనమే చూస్తాం.

ఆ తలుపు దగ్గరికి ఒకరోజు పదకొండు మంది వచ్చారు. వాళ్ళ ముందు ఒక అవ్వ నడుస్తోంది. అరవై దాటిన మనిషి, బక్కపలుచగా ఉంది. చంకలో గుడ్డ సంచి ఉంది. వాళ్ళ వెంట కొత్తగా నల్లకోటు వేసుకున్న ఒక కుర్ర వకీలు. ఆ ఊరివాడే, వాళ్ళ కులంలో మొదటి వకీలు. అతని తొలి పెద్ద కేసు ఇదేనని కట్ట పట్టుకున్న తీరులోనే తెలిసింది.

అవ్వ సంచిలోంచి ఒక ప్లాస్టిక్ సీసా తీసి నా బల్ల మీద పెట్టింది. లోపల నీళ్ళు పలచని టీ రంగులో ఉన్నాయి.

"గిది మా బాయి నీళ్ళు బిడ్డా. మూత తీసి వాసన జూడు."

"అవ్వా, ఇక్కడ నీళ్ళు తీసుకోం. కాగితాలు మాత్రమే చూస్తం" అన్నాను.

"కాగితం వాసన రాదు గదా" అంది ఆమె. వెక్కిరింపు కాదు. నిజంగానే అడిగింది.

కాగితాల్లో ఉన్నది ఇది. ఊరికి ఎగువన మందుల ఫ్యాక్టరీ ఒకటి వచ్చింది. వచ్చిన కొన్నాళ్ళకు బావుల్లో నీళ్ళు రంగు మారాయి. అవ్వ బత్తాయి తోట మూడు వేసవుల్లో కొమ్మ కొమ్మా ఎండింది. చూడి గొర్రెలు నెలలు నిండకముందే ఈచుకుపోయాయి. ఫ్యాక్టరీని అడిగితే అనుమతులున్నాయన్నారు. అనుమతులిచ్చిన ఆఫీసుకు అర్జీలు పెడితే అందినట్టు రసీదులు వచ్చాయి, అంతే. అందుకని రాష్ట్ర ప్రభుత్వం మీద, కాలుష్యం చూసుకోవాల్సిన సర్కారు ఆఫీసు మీద, ఫ్యాక్టరీ మీద దావా. మా నీళ్ళు మాకు ఇప్పించండి అని.

నేను ఆ కట్టను చాలా శ్రద్ధగా చూశాను. అదే నా గర్వం అప్పట్లో. సర్కారు మీద దావా వేయాలంటే ముందు రెండు నెలల నోటీసు ఇవ్వాలి. కుర్ర వకీలు కలెక్టరుకు ఇచ్చాడు కానీ రెండో ఆఫీసుకు సరిగ్గా ఇవ్వలేదు. చీటీ రాసి తిప్పి పంపాను. రెండు నెలలు ఆగి మళ్ళీ వచ్చారు. ఈసారి పదకొండు మందిలో ఇద్దరి వయసులు రాయలేదు, ఒక పొలం పటానికి సంతకం లేదు. మళ్ళీ తిప్పి పంపాను. నిబంధన ప్రకారం నేను చేసిందాంట్లో తప్పేమీ లేదు.

మూడోసారి వచ్చేటప్పటికి చిన్న లోట్లన్నీ సరిచేసుకొచ్చారు. ఒక పెద్ద ప్రశ్న మాత్రం మిగిలింది. అంతకు కొన్నాళ్ళ ముందు మాకు ఒక సర్క్యులర్ వచ్చింది. పర్యావరణానికి సంబంధించిన ఇలాంటి తగాదాలు వినడానికి వేరే ట్రిబ్యునల్ ఉందని, సివిల్ కోర్టులకు ఆ అధికారం లేదని అందులో ఉంది. మన దక్షిణాది కేసులు వినే బెంచి చెన్నైలో ఉంది. ఆ సర్క్యులర్‌ను ఫైలు చేసింది నేనే. కట్ట చూస్తుంటే అది గుర్తొచ్చింది. చీటీ మీద పెన్సిలుతో రాశాను: "ఈ దావాను విచారించే అధికారం ఈ కోర్టుకు ఎట్లా ఉన్నదో వివరించవలెను."

పెన్సిలుతో ఎందుకంటే మా సూపరింటెండెంటు గారికి చూపించి తర్వాత సిరాతో దిద్దేవాళ్ళం.

అంతలో అవ్వ కిటికీ దగ్గరికి వచ్చి నిలబడింది. నా చేతిలో చీటీ చూసింది. ఆమెకు చదువు రాదు, కానీ చీటీ అంటే ఏమిటో రెండుసార్లు తిరిగి నేర్చుకుంది.

"మళ్ల తప్పేనా బిడ్డా?"

లేచి సూపరింటెండెంటు గారి దగ్గరికి వెళ్ళాను. రిటైర్మెంటుకు దగ్గరపడిన మనిషి, మెత్తనివాడు. అన్నం డబ్బా తెరిస్తే సగం మా అందరికీ పెట్టేవాడు. చీటీ చూసి, కళ్ళద్దాలు తీసి, కిటికీ వైపు చూశాడు.

"ఆ ముసలామెను ఇంకెన్నిసార్లు తిప్పుతవమ్మా? నంబర్ ఇయ్యి. అధికారం ఉందో లేదో జడ్జి గారు చూస్కుంటరు. అవుతలోళ్ళకు వకీళ్ళు లేరా, వాళ్ళే అంటరు."

నా మనసూ అదే కోరుకుంటోంది. బల్ల దగ్గరికి వచ్చి రబ్బరుతో ఆ వాక్యం చెరిపేశాను. నంబరు వేశాను. కిటికీలోంచి "అయ్యింది అవ్వా" అన్నాను. ఆమె రెండు చేతులూ నెత్తికి ఆనించుకుని దండం పెట్టింది. ఆ సాయంత్రం బస్సులో కూర్చుని, నా ఉద్యోగంలో ఒక మంచి పని చేశానని అనుకున్నాను. ఇంటికి పోయి మా ఆయనతో కూడా చెప్పాను.

తర్వాత కేసు అందరి కేసుల్లాగే నడిచింది. సమన్లు అందడానికి కొన్ని నెలలు. జవాబు వేయడానికి గడువు మీద గడువు. ఒక జడ్జి గారు బదిలీ అయి, కొత్తవారు రావడానికి మధ్యలో కొంతకాలం. ప్రతి పేషీకి అవ్వ వచ్చేది. మిగతావాళ్ళు వంతులవారీగా వచ్చేవారు. కోర్టు వరండాలో తూర్పు వైపు గోడకు ఆనుకుని కూర్చునేది. నేను అటుగా పోతుంటే పలకరించేది. "తిన్నవా బిడ్డా?" అని తనే అడిగేది. వాళ్ళలో ఒక పెద్దాయన, బావి పక్క పొలం ఆయన, రెండో ఏడు దవాఖానలో చేరి తిరిగి రాలేదు. ఆయన జబ్బుకు నీళ్ళే కారణమో కాదో ఎవరూ తేల్చలేదు. తేల్చే విచారణ ఇంకా మొదలే కాలేదు.

మూడో ఏడు నడుస్తుండగా ప్రభుత్వ వకీలు గారు ఒక పిటిషను వేశారు. అనుభవం ఉన్న మనిషి, నిదానంగా మాట్లాడేవారు. దావా మంచిదా చెడ్డదా అనే చర్చే అక్కర్లేదని, అసలు ఈ కోర్టుకు దీన్ని వినే అధికారమే లేదని ఆ పిటిషను. నేను చెరిపేసిన వాక్యమే అది. ఇప్పుడు అచ్చు కాగితం మీద, సంతకాలతో వచ్చింది.

వాదనల రోజు హాలు నిండా జనం ఉన్నారు. నేను ఏదో ఫైలు ఇచ్చే నెపంతో లోపలికి వెళ్ళి తలుపు దగ్గర నిలబడ్డాను. ప్రభుత్వ వకీలు గారు అరగంటలో ముగించారు. కుర్ర వకీలు చెమటలు కక్కుతూ గంట మాట్లాడాడు. పౌరుడు సర్కారును అడగడానికి ఊరికి దగ్గరున్న కోర్టు తలుపు మూయకూడదన్నాడు. బాగా మాట్లాడాడు, కానీ చట్టం అటువైపే ఉంది. అది అతనికీ తెలుసు.

జడ్జి గారు కొత్తగా వచ్చిన మహిళ. తక్కువ మాట్లాడేవారు. వాదనలు విని, వాదుల్లో ఎవరైనా ఏమైనా చెప్పుకుంటారా అని అడిగారు. అలా అడగాల్సిన పని లేదు. అడిగారు.

అవ్వ లేచి నిలబడింది.

"అమ్మా, నాకు గీ చట్టాలు తెల్వయి. మూడేండ్ల సంది వస్తున్న. వచ్చినప్పుడల్లా ఇంకో తారీఖు జెప్పిన్రు, మంచిదని పోయిన. ఇయ్యాల ఇది మా కోర్టు కాదంటున్నరు. కాదని మొదటిరోజే తలుపు కాడ జెప్తే, గా మద్రాసుకే పోతుంటిమి గదా. చెప్పకుంట లోపలికెందుకు రానిచ్చిన్రు?"

జడ్జి గారు ఫైలు తిరగేసి బెంచి క్లర్కును అడిగారు. "నంబరు వేసేటప్పుడు ఆఫీసు ఈ అభ్యంతరం లేవనెత్తలేదా?"

"లేదండీ. ఫైల్ల లేదు" అన్నాడతను.

ఆర్డరు వారానికి వాయిదా పడింది.

బయటికి వచ్చాక కుర్ర వకీలు వరండా చివర నిలబడి ఉన్నాడు. ఏడ్చినట్టున్నాడు. "కాయితాలు వాపసిస్తరు మేడం. అది సరే. అక్కడ గడువు నెలల్లనే ఉంటది. మేము మూడేండ్లు ఆలస్యం అంటరు. తప్పు కోర్టుల తిరిగినం అంటే, నీకు చట్టం తెల్వదా అని నన్నడుగుతరు. నాకు తెల్వలే, నిజమే. జనం నన్ను నమ్మి వచ్చిన్రు."

అతనికి తెలియకపోవడం ఒక తప్పు. నాకు తెలిసీ చెరపడం ఇంకో తప్పు. రెండింటిలో ఏది పెద్దదో నేను లెక్కించుకోనక్కర్లేదు.

బెంచి క్లర్కు నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అనేవాడు. ఆ మధ్యాహ్నం నా ముఖం చూసి అడిగితే అతనితో చెప్పాను. అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"చెరిపేసిన పెన్సిలుకు సాక్ష్యమేముందక్కా? ఎవరికి తెల్సు? సూపరింటెండెంటు సారు రిటైరై పోయిండు. నువ్వు నోరు తెరిస్తే నీ ప్రమోషన్ పోతది. జర ఆలోచించు. నువ్వు జెప్పినా వాళ్ళ కేసు ఇక్కడ నడవదు గదా."

అతను అన్నది నిజమే. నేను చెప్పినా మా కోర్టుకు లేని అధికారం రాదు. ఆ వారం రోజులు ఆ మాటనే పట్టుకుని వేలాడాను. ఆదివారం ప్రార్థనకు వెళ్ళి కూర్చున్నా ఒక్క మాటా చెవికెక్కలేదు. ఇంట్లో ఎవరైనా నీళ్ళు అడిగితే ఉలిక్కిపడ్డాను. మా ఆయన ఒకటే అన్నాడు. "నంబర్ వేసిన రోజు వచ్చి సంబరంగా చెప్పినవ్. ఇది కూడా చెప్పాల్సినోళ్ళకు చెప్పు, నిద్రన్న పడతది."

ఆర్డరుకు ముందు రోజు పొద్దున, కోర్టు మొదలు కాకముందే, జడ్జి గారి ఛాంబరు తలుపు కొట్టాను. నిలబడే మొత్తం చెప్పాను. సర్క్యులర్ చదివానని, అభ్యంతరం రాశానని, చెరిపేశానని. ఆమె మధ్యలో ఆపలేదు. చివర ఒకటే ప్రశ్న వేశారు.

"ఎందుకు చెరిపారు?"

"జాలి పడ్డానండీ."

"నోటీసు కోసం, వయసుల కోసం రెండుసార్లు తిప్పిపంపినప్పుడు జాలి కలగలేదా?"

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను అంత సూటిగా ఎవరూ అడగలేదు. చిన్నవాటికి కఠినంగా ఉండటం సులువు. అక్కడ రూలు మన వెనక నిలబడి ఉంటుంది. పెద్దదాని దగ్గర మాత్రం మనమే ఒక మనిషిని బాధపెట్టాలి. అక్కడ వెనక్కి తగ్గి, దానికి జాలి అని పేరు పెట్టుకున్నాను.

"ఇదంతా రాసి ఇవ్వగలరా?" అన్నారు ఆమె. "ఇస్తే మీ మీద చర్య తీసుకోక తప్పదు. అది తెలిసే ఇవ్వండి."

అక్కడే కూర్చుని తెల్ల కాగితం మీద రాసిచ్చాను. సూపరింటెండెంటు గారి మాట అందులో రాయలేదు. ఆయన చెప్పాడు సరే, రబ్బరు పట్టుకున్నది నా చేయి.

మరునాడు ఆర్డరు చదివారు. దావాను విచారించే అధికారం ఈ కోర్టుకు లేదు, సరైన చోట వేసుకోవడానికి కాగితాలు వాపసు ఇవ్వాలి. అందరూ అనుకున్నదే. కానీ దాని తర్వాత ఇంకో పేరా ఉంది. జడ్జి గారు దాన్ని మొదట ఇంగ్లీషులో చదివి, అవ్వ వైపు తిరిగి తెలుగులో చెప్పారు. వాదులు మంచి నమ్మకంతోనే ఇక్కడికి వచ్చారు. వాళ్ళను మొదటిరోజే సరైన చోటుకు పంపాల్సిన ఈ కోర్టు ఆఫీసు ఆ పని చేయలేదు. ఆలస్యానికి కారణం వాదులు కాదు, కోర్టు. ఆ నష్టం వాదుల మీద పడకూడదు.

అవ్వ అంతా విని, "అంటే తప్పు మాది కాదన్నట్టేనా అమ్మా?" అని అడిగింది.

"మీది కాదు" అన్నారు జడ్జి గారు.

కాగితాలు తిరిగి ఇచ్చేటప్పుడు వాటి వెనక రాయాల్సినవి కొన్ని ఉంటాయి. ఏ రోజు వచ్చాయి, ఏ రోజు వాపసు ఇస్తున్నాం, ఎందుకు. అది ఫైలింగ్ పని. అంటే నాదే. సిరాతో రాశాను. కిటికీ దగ్గర కట్ట అవ్వ చేతికి ఇస్తూ అప్పుడు చెప్పాను. "అవ్వా, ఆ తప్పు చేసింది నేను. తెలిసే చేసిన."

ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, క్షమించిందీ లేదు. కట్టను సంచిలో పెట్టుకుని, "నువ్వు రాసిచ్చిన కాయితం ఫైల్ల జూసి, జాలి పడ్డవని వకీలు పిలగాడు జెప్పిండు. మా మీద జాలి పడకు బిడ్డా. మాకు తొవ్వ జూపియ్యి చాలు" అని వెళ్ళిపోయింది. ఆరోజు తిన్నావా అని అడగలేదు.

నాకు మెమో వచ్చింది. విచారణ జరిగింది. రావాల్సిన ప్రమోషన్ వెనక్కి పోయింది. నాకంటే తర్వాత చేరినవాళ్ళ కింద కొన్నాళ్ళు పనిచేశాను. సంగతి తెలిసి పాత సూపరింటెండెంటు గారు నల్లగొండ నుంచి బస్సెక్కి మా ఇంటికి వచ్చారు. మంచినీళ్ళు కూడా ముట్టకుండా, "నా పేరు కూడా రాయవల్సింది గదమ్మా" అన్నారు. చాలాసేపు కూర్చుని వెళ్ళారు. బెంచి క్లర్కు కొన్నాళ్ళు నాతో మాట్లాడలేదు. తర్వాత ఎందుకో అతనే ఒకరోజు నా టిఫిన్ డబ్బా తెరిచి తినడం మొదలుపెట్టాడు. అలా కలిసిపోయాం.

కేసు చెన్నై వెళ్ళింది. కుర్ర వకీలు రైలెక్కి, అక్కడ ఒక తమిళ వకీలును పట్టుకుని, ఇద్దరూ ఇంగ్లీషులో ఒకరికొకరు అర్థమయ్యేలా చెప్పుకుని కాగితాలు వేశారు. అవతలివాళ్ళు మొదట గడువు దాటిందనే వాదించారు. ఆ ఒక్క ప్రశ్న మీదే చాలా నెలలు గడిచాయి. చివరికి మా జడ్జి గారు రాసిన ఆ పేరా చదివి ట్రిబ్యునల్ కేసు తీసుకుందని వకీలు ఫోన్ చేశాడు. "మేడం, గా పేరానే నిలబెట్టింది" అన్నాడు. ఫోన్ పెట్టేసి ఆఫీసు వెనకాల మెట్ల మీద కాసేపు కూర్చున్నాను.

అంతలో కరోనా వచ్చింది. విచారణలు తెర మీదికి మారాయి. ఊరి బడిలో ఒక కంప్యూటరు ముందు బెంచీలు వేసుకుని వాళ్ళు తమ కేసు తామే చూశారట. భాష అర్థం కాకపోయినా చివరిదాకా కదిలేవారు కారట. ఒక కమిటీ వచ్చి బావుల్లో నీళ్ళు పట్టుకెళ్ళింది. నల్లగొండ నీళ్ళు ఎప్పుడూ మంచివి కావు, ఫ్లోరైడు ఉండేదే అని అవతలివాళ్ళు వాదించారు. ఫ్లోరైడుకు రంగు ఉండదని కమిటీ రాసింది.

నేను రిటైరయ్యే ఏడు తీర్పు వచ్చింది. మొత్తం గెలుపని చెప్పను. ఫ్యాక్టరీ మూతపడలేదు. వ్యర్థం బయటికి వదలకూడదని, ఊరికి తాగునీరు తేవాలని, పాడైన నేలకు పరిహారం తేల్చాలని, అనుమతులిచ్చిన ఆఫీసు ప్రతి మూడు నెలలకు తనిఖీ చేసి లెక్క చెప్పాలని ఉంది. కొన్ని జరిగాయి. కొన్నింటికి వకీలు ఇంకా తిరుగుతూనే ఉన్నాడు. అవ్వ తోట తిరిగి రాలేదు.

తీర్పు నకలు పట్టుకుని అవ్వ మా ఆఫీసుకు వచ్చింది. వెంట ఎవరూ లేరు. నా బల్ల ముందు కుర్చీ వేస్తే కూర్చుంది.

"వకీలు సంగతంతా జెప్పిండు గని, గిది మొత్తం ఇంగిలీసే నాయె. మా పేర్లున్నయా దీంట్ల?"

"మొదటి పేజీలోనే ఉన్నయవ్వా."

"చదువు."

చదవడం మొదలుపెట్టాను. మొదటి పేరు ఆమెదే. "ఉన్న" అంది. రెండో పేరుకు "ఉన్నడు" అంది. మూడోది దవాఖాన నుంచి తిరిగిరాని పెద్దాయన పేరు. అక్కడ ఆగాను.

"ఎందుకాగినవ్ బిడ్డా? చదువు."

చదివాను.

"ఉన్నడు" అంది.

ఈ ఏళ్ళలో ఆ పదకొండు మందిలో నలుగురు పోయారు. ఒక్కొక్క పేరూ చదువుతూ పోయాను. ఆమె నా ముఖం కేసి కాదు, కాగితం కేసి చూస్తూ, ఒక్కటి కూడా వదలకుండా, పదకొండింటికీ జవాబు చెప్పింది.